డాలస్ పరిసరాల్లో కెటమిన్ క్లినిక్‌లు: మేం దేన్ని ఎంచుకుంటాం, దేన్ని వదిలేస్తాం

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు స్ట్రిప్ మాల్స్‌లో 'ఇన్ఫ్యూజన్' బోర్డులు బాగా పెరిగాయి. కొన్ని చోట్ల ఒక గదిలో డిప్రెషన్‌కి కెటమిన్ ఎక్కిస్తుంటే, పక్క గదిలో విటమిన్ డ్రిప్, ఆ పక్కన బొటాక్స్. కుర్చీలు, దీపాలు, సంగీతం అన్నిచోట్లా బాగానే ఉంటాయి కాబట్టి వాటికి మేం మార్కులు వేయడం లేదు. క్లినిక్‌ని తూచడానికి ఒక్క ప్రశ్న చాలు: వచ్చినవాళ్ళలో ఎవరికి ఈ మందు ఇవ్వరు? ఫోన్లోనే నాలుగు కారణాలు గబగబా చెప్పగలిగితే ఆ క్లినిక్ గురించి ఆలోచించవచ్చు. "అందరికీ సెట్ అవుతుందండీ, ఈ వారమే స్లాట్ ఉంది" అంటే ఫోన్ పెట్టేయండి.

ముందు ఏది ఏమిటో తేల్చుకుందాం. కెటమిన్‌ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1970లో ఆపరేషన్లప్పుడు ఇచ్చే మత్తుమందుగా ఆమోదించింది. 1999 నుంచి అమెరికాలో అది షెడ్యూల్ 3 మందు, అంటే దుర్వినియోగ భయంతో ప్రభుత్వం అదుపులో ఉంచినది. డిప్రెషన్‌కి ఇచ్చే ఐవీ (నరంలోకి ఎక్కించే) కెటమిన్‌కి నేటికీ ఆ ఆమోదం లేదు. డాక్టర్లు తమ విచక్షణతో, ఆఫ్-లేబుల్‌గా, అంటే ఆమోదించిన అవసరానికి కాకుండా వేరేదానికి ఇస్తారు. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు గానీ, ఇన్సూరెన్స్ చాలావరకు డబ్బు కట్టదు. ఆమోదం ఉన్నది దాని తోబుట్టువు ఎస్కెటమిన్‌కి. స్ప్రవాటో పేరుతో వచ్చే ముక్కు స్ప్రే అదే. మొండి (మందులకి లొంగని) డిప్రెషన్‌కి, నోటి మాత్రతో కలిపి వాడేందుకు 2019 మార్చిలో ఆమోదం వచ్చింది. 2025 జనవరిలో మాత్ర లేకుండా ఒంటరిగానూ వాడొచ్చన్నారు. కాబట్టి మీ ఎదుట ఉన్న దారులు మూడు: ఐవీ క్లినిక్, స్ప్రే ఇచ్చే సైకియాట్రీ క్లినిక్, ఇంటికే బిళ్ళలు పంపే ఆన్‌లైన్ సర్వీసు. మూడోదాన్ని మేం సిఫార్సు చేయం. ఎందుకో తర్వాత చెప్తాం.

మా లెక్కలో సగం మార్కులు మొదటి పరీక్షవే. మంచి చోట ఈ అపాయింట్‌మెంట్ ముప్పావు గంటకు తక్కువ పట్టదు, ఆ రోజే మందు ఎక్కించరు. ఇంతకు ముందు వాడిన మాత్రల పేర్లు, డోసులు, ఎన్ని వారాలు వాడారో అడుగుతారు. ఎప్పుడైనా నిద్రపోకుండా విపరీతమైన హుషారుతో రోజుల తరబడి గడిపారా, లేని గొంతులు వినిపించాయా, ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందా అని అడుగుతారు. సైకోసిస్ (లేనివి వినిపించే, కనిపించే జబ్బు) ఉన్నవాళ్ళకి కెటమిన్ ఇవ్వకూడదు. బైపోలార్ (దిగులు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు) అయితే మేనియాలోకి, అంటే ఆ అతి హుషారులోకి తోసే ప్రమాదం చూసుకుని అడుగు వేయాలి. అదుపులో లేని బీపీ, గర్భం, మెదడులోని రక్తనాళాల్లో గానీ, ఇతర పెద్ద రక్తనాళాల్లో గానీ ఉబ్బు, మెదడులో రక్తస్రావమైన చరిత్ర, మూత్రంలో మంట, తరచూ వెళ్ళాల్సి రావడం, మత్తు పదార్థాల అలవాటు, అన్నీ అడగాలి. మూత్రం గురించి అడిగితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినప్పుడు కెటమిన్ మూత్రాశయం గోడని దెబ్బతీస్తుంది. అది అడగని క్లినిక్ దీర్ఘకాలం గురించి ఆలోచించనట్టే.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12 రిపోర్టులు అడిగే క్లినిక్‌కి మేం ఇంకో మార్కు కలుపుతాం. మనవాళ్ళలో శాకాహారులకి బీ12 తక్కువ ఉండటం మామూలే. నీరసం, దిగులు, మతిమరుపు దానివల్ల కూడా రావచ్చు. థైరాయిడ్ సంగతీ అంతే. కొద్ది డాలర్ల రక్తపరీక్షతో తేలేదాన్ని వదిలేసి వేల డాలర్ల డ్రిప్ మొదలుపెట్టడం అన్యాయం.

ఇంకో మాట: ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు దాచకండి. నిద్రకని వేసుకునే అల్ప్రాజోలమ్, క్లోనజెపామ్ లాంటివి కెటమిన్ ప్రభావాన్ని తగ్గించే అవకాశం ఉంది. పైగా రెండూ కలిస్తే మత్తు పెరుగుతుంది. వాటిని సొంతంగా హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, కాబట్టి ఎప్పుడు ఎంత తగ్గించాలన్నది డాక్టరే చెప్పాలి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్యకి) వాడే మాత్రలు బీపీని పెంచవచ్చు, అవీ చెప్పండి.

డాక్టర్ ఎవరన్నది అడగడానికి మొహమాటం వద్దు. ఐవీ క్లినిక్‌లు ఎక్కువగా అనస్థీషియా లేదా ఎమర్జెన్సీ విభాగం వాళ్ళవి. ప్రాణం కాపాడటంలో వాళ్ళు దిట్టలు, కానీ డిప్రెషన్‌ని అంచనా కట్టడం వేరే విద్య. సైకియాట్రిస్టుల దగ్గర ఇది తలకిందులు. అనస్థీషియా డాక్టర్ నడిపే చోటికి వెళ్తే, మీ సైకియాట్రిస్ట్‌తో స్వయంగా మాట్లాడతారా అని అడగండి. లైసెన్సు, పాత క్రమశిక్షణ చర్యలు టెక్సస్ మెడికల్ బోర్డు వెబ్‌సైట్లో పేరు కొడితే ఉచితంగా కనిపిస్తాయి. నర్స్ ప్రాక్టీషనర్ (రోగుల్ని చూసి మందు రాసే అర్హత ఉన్న నర్స్) చూసే క్లినిక్ అయితే, మందు రాసే అధికారం ఇచ్చిన డాక్టర్ ఎవరు, ఆ పూట భవనంలో ఉంటారా అన్నది అసలు ప్రశ్న. టెక్సస్‌లో అలాంటి ఒప్పందం లేకుండా వాళ్ళు మందు రాయలేరు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ బృందం 2017లో ప్రచురించిన ఏకాభిప్రాయ పత్రం, ఈ మందు ఇచ్చే వైద్యులకి గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్సలో శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలంటుంది. ఆ సర్టిఫికెట్ గడువు అడగండి.

ఇక ఐవీ రోజు. డిప్రెషన్‌కి వాడుకలో ఉన్న డోసు కిలోకి 0.5 మి.గ్రా., 40 నిమిషాల్లో. 70 కిలోల మనిషికి 35 మి.గ్రా. అన్నమాట. మి.లీ.కి 50 మి.గ్రా. ఉండే సీసా నుంచి 0.7 మి.లీ. తీసి సెలైన్‌లో కలుపుతారు. ఇంత చిన్న పరిమాణంలో పొరపాటు ఖరీదు పెద్దది; అందుకే బరువు ఆ రోజే తూచాలి, లెక్కని ఇద్దరు చూడాలి. డ్రిప్ పంపు ద్వారానే వెళ్ళాలని పట్టుబట్టండి. సీసా వేలాడదీసి రోలర్‌తో సర్దే పద్ధతిలో చెయ్యి కదిలితే ధార మారిపోతుంది. 40 నిమిషాల మందు 20 నిమిషాల్లో లోపలికి పోతే బీపీ ఎగుస్తుంది, తేలిపోతున్న అనుభూతి కాస్తా భయంగా మారుతుంది. సూది మోచేయి మడతలో పెడితే చెయ్యి వంచినప్పుడల్లా పంపు ఆగి కూత పెడుతుంది. ముంజేతి మీద నరం దొరికితే హాయి. ఉదయం నుంచి నీళ్ళు తాగకపోతే నరం దొరకదు. అలాగని కడుపు నిండా తిని వెళ్తే వాంతయ్యే ప్రమాదం ఎక్కువ. ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపడం అనస్థీషియా పద్ధతి. మీ క్లినిక్ ఇచ్చిన గంటలే పాటించండి. బీపీ మాత్ర మాత్రం డాక్టర్ వద్దనకపోతే మానొద్దు.

గదిలో ఏం ఉండాలంటే: వేలికి ఆక్సిజన్ క్లిప్పు, పది పదిహేను నిమిషాలకోసారి బీపీ, చేతికందే దూరంలో ఆక్సిజన్, అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), వాంతికి ఆన్‌డాన్‌సెట్రాన్, బీపీకి ఇంజెక్షన్. మొదలయ్యే ముందే 140/90 దాటితే ఆగి, ఆలోచించి, అవసరమైతే ఇంటికి పంపే క్లినిక్ మంచిది. పంపేస్తే కోపం తెచ్చుకోకండి. నలుగురిని ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒక్క నర్సుకి అప్పగించే చోటు మాకు నచ్చదు. మందు పని చేస్తున్నప్పుడు ఇంగ్లీషులో జవాబు చెప్పడం కష్టమనిపించవచ్చు, తెలుగు మాత్రమే నోట్లోకి రావచ్చు. భార్యనో భర్తనో లోపల కూర్చోనిస్తారా అని ముందే కనుక్కోండి. పాటలకి బదులు వేణువో వీణో పెట్టుకోండి. మాటలున్న పాట ఆ స్థితిలో మనసుని ఎటో లాక్కుపోతుంది.

స్ప్రే క్లినిక్‌ల విషయంలో మా అభిప్రాయం మెరుగ్గా ఉంది, ముఖ్యంగా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి. ఇక్కడ కట్టుబాట్లని క్లినిక్ ఇష్టానికి వదల్లేదు. నమోదైన కేంద్రంలోనే ఇవ్వాలి, సీసా ఇంటికి ఇవ్వకూడదు, కనీసం రెండు గంటలు గమనించాలి. ఒక్కో పరికరంలో 28 మి.గ్రా. మొదటి రోజు రెండు, అంటే 56. ఆ తర్వాత 56 లేదా 84. రెండు పరికరాల మధ్య ఐదు నిమిషాల ఎడం. నాలుగు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాతి నాలుగు వారాలు వారానికోసారి, ఆపైన వారానికో రెండు వారాలకో. సాధారణంగా బీపీ నలభై నిమిషాల దగ్గర శిఖరానికి చేరుతుంది. ఆ సమయంలో కొలవకపోతే లోపమే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ పుప్పొడికి ముక్కులు మూసుకుపోయే ఊరు ఇది. అలర్జీ స్ప్రే వాడేవాళ్ళు కనీసం గంట ముందే వాడేయాలి.

చిక్కంతా ముందస్తు అనుమతిలో. సాధారణంగా కనీసం రెండు డిప్రెషన్ మందులు సరైన డోసులో, తగినన్ని వారాలు వాడి ఫలితం రాలేదని ఇన్సూరెన్స్ కంపెనీ రుజువు అడుగుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వాడిన మందులు అమెరికా ఫార్మసీ రికార్డులో ఉండవు కాబట్టి దరఖాస్తు తిరిగొస్తుంది. పాత చీటీల ఫొటోలు తెప్పించుకోండి. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఆపిన కారణం ఒక్క కాగితం మీద రాసి డాక్టర్ లేఖతో జతచేస్తే పని సులువవుతుంది. బిల్లు రెండు ముక్కలుగా రావచ్చు: మందుకి ఒకటి, గమనించినందుకు ఒకటి. రెండింటికీ కో-పే (మీరు కట్టాల్సిన వాటా) ఎంతో ముందే అడగండి.

ఇంటికి పంపే బిళ్ళల దగ్గర మేం గట్టిగా కాదంటాం. వీటిని కాంపౌండింగ్ ఫార్మసీలు (చీటీని బట్టి మందు కలిపి ఇచ్చే దుకాణాలు) తయారుచేస్తాయి, ఎఫ్‌డీఏ పరీక్షించదు. నోటి ద్వారా మందు ఎంత ఒంటబడుతుందో మనిషికీ మనిషికీ మారుతుంది. అది చప్పరించారా, మింగారా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఇంట్లో బీపీ చూసేవారుండరు. 2023 అక్టోబరులో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేస్తూ, ఇంట్లో నోటి కెటమిన్ తీసుకున్న ఒక రోగికి శ్వాస మందగించిందనీ, రక్తంలో ఆ మందు, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు ఉండే స్థాయికి సుమారు రెట్టింపు కనిపించిందనీ చెప్పింది. అదే నెల 28న చనిపోయిన నటుడు మాథ్యూ పెర్రీ పేరు చెప్పి భయపడేవాళ్ళకి ఒక వివరం: ఆ మరణం అంతకు వారంన్నర ముందు వైద్యంలో భాగంగా ఎక్కించుకున్న కెటమిన్ డోసు వల్ల కాదని పోస్ట్‌మార్టమ్ నివేదికే చెప్పింది. పర్యవేక్షణ లేకుండా బయట తీసుకున్నదే ప్రాణం తీసింది.

డబ్బు. ఐవీ ఒక్కసారికి మామూలుగా 400 నుంచి 800 డాలర్లు. రెండు మూడు వారాల్లో ఆరు. పన్నెండు సెషన్ల ప్యాకేజీ ముందే కట్టమనే చోట ఆగండి: పనిచేయకపోతే ఆపాలన్న ఆలోచనే అక్కడ లేదు. మార్పు సాధారణంగా మొదటి రెండు మూడు సెషన్లలోనే తొంగిచూస్తుంది. ప్రతిసారీ పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రత కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) నింపించి, 27లో ఎంత వచ్చిందో మీకు చూపించాలి. స్కోరు సగానికి తగ్గితే పనిచేసినట్టు. ఆరు అయ్యాక కూడా కదలకపోతే ఏడోది అమ్మే క్లినిక్ కాదు, వేరే దారి చెప్పే క్లినిక్ కావాలి. ఈసీటీ (మత్తు ఇచ్చి మెదడుకి స్వల్ప విద్యుత్తు పంపే చికిత్స) పేరెత్తడానికి జంకని డాక్టరైతే ఇంకా నయం. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, సైకోసిస్ లేని మొండి డిప్రెషన్‌లో కెటమిన్‌కి 55.4 శాతం, ఈసీటీకి 41.2 శాతం మంది స్పందించారు. అంటే రెండూ నిజమైన వైద్యాలే. ఆత్మహత్య ఆలోచనలు తరుముతుంటే మాత్రం క్లినిక్ స్లాటు కోసం ఆగకండి, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మొదలుపెట్టే ముందు క్యాలెండర్ చూడండి. ఏ పద్ధతి అయినా ఆ రోజు కారు నడపకూడదు, రాత్రి నిద్రపోయి లేచాకే. ఇంట్లో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే, ఆ ఒక్కరూ మీరే అయితే, మొదటి నెలలో ఎనిమిది రోజుల దాకా ఎవరు తీసుకెళ్తారో ముందే తేలాలి. డిసెంబరులో ఇండియా టికెట్లు ఉంటే అక్టోబరుకల్లా మొదలుపెట్టండి, లేదా జనవరికి వాయిదా వేయండి. అక్కడ కెటమిన్ 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండో కాపీని దుకాణదారు రెండేళ్ళు దాచాలి, మీ డాలస్ డాక్టర్ చీటీ అక్కడ చెల్లదు. ఆన్‌లైన్ బిళ్ళల్ని సూట్‌కేసులో వేసుకెళ్తే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది.