నాన్న బడి చూడటానికి వరంగల్‌లో రెండు రాత్రులు

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఆ మంట తగ్గదు.

హనుమకొండ బస్టాండుకు దగ్గర్లోని ఒక లాడ్జిలో రెండు రాత్రులకు గది బుక్ చేశాను. రోజుకు 1,450 రూపాయలు, ఏసీతో. ముందురోజు ఫోన్ చేసి, "మా నాన్నకు మోకాళ్ల నొప్పులు, లిఫ్ట్ పనిచేస్తుందా?" అని రెండుసార్లు అడిగాను. "చేస్తది మేడం, మీరు రండి" అన్నారు. సెప్టెంబర్ 8 సాయంత్రం కరీంనగర్ నుంచి వెళ్లి దిగేసరికి లిఫ్ట్ తలుపుకు తాడు కట్టి ఉంది. నాలుగు రోజుల నుంచి రిపేరట! అంటే నేను అడిగిన రోజుకే అది పాడైపోయి ఉంది. మా గది మూడో అంతస్తులో. కింద ఒక గది ఖాళీగానే ఉంది గానీ అది డీలక్స్, రోజుకు 600 ఎక్కువ అన్నారు.

"పోనీ బిడ్డా, ఎక్కుతా" అన్నాడు నాన్న. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, మొదటి అంతస్తు మలుపులో ఆగి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. కిందికి దిగి ఆ 600 కట్టేశాను. అక్కడితో అయిపోలేదు. అదనపు పరుపుకు రాత్రికి 300. గీజర్ లేదు, వేడినీళ్లు బకెట్ 30. వెళ్లేటప్పుడు సర్వీసు చార్జి అని ఇంకో 200. మొత్తం 2,900 అనుకున్నది 5,080 అయింది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద పెన్నుతో రాసిచ్చారు. అమ్మ రెండు రోజులూ ఆ లెక్కే తలుచుకుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఫోన్లో మాట నమ్మకండి. లిఫ్ట్ నడుస్తున్న వీడియో వాట్సాప్‌లో పంపమనండి, గ్రౌండ్ ఫ్లోర్ గది ఇస్తామని మెసేజ్ పెట్టించుకోండి.

అసలు మేం వెళ్లింది గుళ్లు చూడటానికి కాదు. నాన్న 1967లో ఆరో తరగతిలో చేరి 1972లో పదో తరగతి పాసైన సర్కారు హైస్కూలు చూడటానికి. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు ఇప్పుడు లేదు. తాత లేడు, వాళ్లుండిన క్వార్టర్సూ లేవు. బడి ఒక్కటే ఉంది. యాభై ఏళ్లలో ఎన్నోసార్లు పెళ్లిళ్లకు వరంగల్ వచ్చినా నాన్న ఒక్కసారి కూడా ఆ గేటు లోపలికి వెళ్లలేదు. నేను కూడా సర్కారు బడి టీచర్నే, అయినా ఈ ఆలోచన ఇన్నేళ్లకు గానీ నాకు రాలేదు.

9న పొద్దున పది గంటలకు వెళ్లాం. గేటు దగ్గర అటెండర్ ఆపాడు. బయటివాళ్లను రానివ్వరన్నాడు. అది సరైనదే, మా బడిలోనూ రానివ్వం. నాన్న పదో తరగతి మెమో జిరాక్స్ జేబులోంచి తీసి ఇచ్చాడు. అతను దాన్ని లోపలికి తీసుకెళ్లాడు. రెండు నిమిషాల్లో హెడ్‌మిస్ట్రెస్ గారే గేటు దాకా వచ్చి, "రండి సార్, మీ బడే కదా" అన్నారు. లాడ్జిలో పడ్డ మంటంతా ఆ ఒక్క మాటతో చల్లారింది.

ఆ రోజు కవి కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. వరండాలో పిల్లలు ఆయన ఫోటోకు దండ వేసి కూర్చున్నారు. కాళోజీ 1914లో ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారని, మడికొండలో పెరిగారని ఒక అమ్మాయి చదివింది. చదువుకున్నది ఉర్దూ కాలంలో, రాసింది మాత్రం మన యాసలో. నాన్నను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నాన్న మైకు పట్టుకుని 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం గురించి చెప్పాడు. నెలల తరబడి బడి మూతపడటం, పెద్ద పిల్లలు జులూసులకు పోతుంటే చిన్నవాళ్లు గేటు ఎక్కి చూడటం. పిల్లలు కదలకుండా విన్నారు. ఆయన అంత సేపు మాట్లాడగా నేను ఎన్నడూ చూడలేదు.

తర్వాత ఆఫీసు గదిలో క్లర్కు బీరువా తీసి పాత అడ్మిషన్ రిజిస్టర్ బయటపెట్టారు. మూలలు ఎలుకలు కొరికిన అట్ట, నీలి సిరా, సాగదీసిన చేతిరాత. 1967 పేజీలు తిప్పుతుంటే నాన్న వేలు ఒక్కచోట ఆగిపోయింది. పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి దగ్గర "మిల్లు కూలి". పుట్టిన తేదీ 1-7-1956. ఆ పేజీలో ఇంకా చాలామందికి జూలై ఒకటే. "మా నాయిన చెప్పలే, సారే రాసిండు" అన్నాడు. చివరి గడిలో టీసీ ఇచ్చిన తేదీ, పక్కన పొట్టి సంతకం. ఆ సంతకం ఏ సారుదో నాన్న చూడగానే గుర్తుపట్టాడు, కళ్లజోడు తీసేసి చాలాసేపు తుడిచాడు. మిగతా పేర్ల మీద తెల్ల కాగితం కప్పి ఆ ఒక్క వరుసనే ఫోటో తీసుకోనిచ్చారు.

అదే బీరువాలో ఉర్దూలో రాసిన రిజిస్టర్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆఫీసులో వాటిని చదివేవాళ్లు లేరు. నిజాం కాలంలో ప్రైమరీని తహతానియా అని, మిడిల్‌ను వస్తానియా అని, హైస్కూలును ఫౌఖానియా అని పిలిచేవారు. తాత ఎవరి గురించైనా "ఫౌఖానియా చదివిండు" అంటే ఎంతో గౌరవంగా అనేవాడట. పై తరగతుల్లో చదువు ఎక్కువగా ఉర్దూలోనే. తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ హనుమకొండలో చదివిన మర్కజీ బడి పేరు కూడా ఉర్దూదే, మర్కజ్ అంటే కేంద్రం. ఆయన 1934లో అక్కంపేటలో పుట్టారు. బడిలో నిజాంను పొగిడే పాట పాడనన్న పిల్లవాడు, 1952లో ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే అన్న ముల్కీ ఉద్యమం నాటికి ఇంటర్ విద్యార్థి, 1991లో కాకతీయ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్. అదే హనుమకొండలో హైస్కూలు చదివిన పీవీ నరసింహారావు 1938లో నిషేధాన్ని లెక్కచేయకుండా వందేమాతరం పాడి, చదువు కోసం నాగపూర్ పోవాల్సి వచ్చింది. ఊళ్ల నుంచి వచ్చి పట్నం సర్కారు బళ్లలో కూర్చున్న పిల్లలే వీళ్లంతా. వరంగల్ వచ్చేవాళ్లకు వేయిస్తంభాల గుడి చూపిస్తారు, కోటలో తోరణాలు చూపిస్తారు. ఈ బళ్లను కూడా చూపించాలని నా గట్టి అభిప్రాయం.

వెళ్లదలిస్తే ముందురోజే హెచ్ఎంకు ఫోన్ చేయండి. మెమో గానీ టీసీ గానీ జిరాక్స్ పట్టుకెళ్లండి. చేరిన సంవత్సరం తెలియకపోతే రిజిస్టర్‌లో పేరు వెతకడం చాలా కష్టం. మధ్యాహ్న భోజనం వేళ, పరీక్షల రోజుల్లో వెళ్లకండి.

భోజనం బయట ఒక చిన్న మెస్‌లో చేశాం. బోర్డు కూడా లేదు, ఒకామె, ఆమె కొడుకు నడుపుతున్నారు. ప్లేటు 90 రూపాయలు. పచ్చిపులుసు, పప్పు, గోంగూర తొక్కు, ఇంకో 20 ఇస్తే వేడిగా సర్వపిండి. నువ్వులు, పల్లీలు, శనగపప్పు పంటికి తగులుతూ అంచులు కరకరలాడుతున్నాయి. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న అమ్మ రెండోది అడిగి వేయించుకుంది. "ఇంత మంచిగ నేను కూడా చెయ్య" అంది. అమ్మ నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. సాయంత్రం ఆమె కోరిక ప్రకారం భద్రకాళి గుడికి వెళ్లాం, దర్శనం బాగా అయింది.

మర్నాడు గది ఖాళీ చేసి, 2,200కు కారు మాట్లాడుకుని పీవీ పెరిగిన వంగర వెళ్లాం. దారిలో ముల్కనూరు. 1956 నుంచి సహకార సంఘం నడుస్తున్న ఊరు. పీవీ ఇంట్లో ఆయన వస్తువులు దాచిపెట్టారు. నాకు అక్కడ గుర్తొచ్చింది వేరే. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే సర్వేల్‌లో గురుకులం మొదలైంది. కేంద్ర విద్యామంత్రిగా ఉన్నప్పుడు 1986 విద్యావిధానంతో నవోదయ బళ్లు వచ్చాయి. మా బడి నుంచి కూడా ఏటా పిల్లలు గురుకులం పరీక్ష రాస్తారు. తిరిగొచ్చాక డ్రైవర్ వెయిటింగ్ అని 300 అడిగాడు. ముందే మాట్లాడుకున్నాం కదా అని నేను ఇవ్వలేదు. నాన్న మాత్రం వెనక నుంచి వంద చేతిలో పెట్టాడు.

ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకూ అమ్మకూ జీరో టికెట్, నాన్న ఒక్కడికే డబ్బులు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా ఫోన్లో ఆ ఒక్క వరుసనే పెద్దది చేసి చూసుకున్నాడు.

1972 బ్యాచ్ గ్రూప్ ఫోటో ఉంటే బడిలో పెట్టుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు. ఇంటికొచ్చిన మర్నాడే నాన్న అటక మీది ఇనప పెట్టె దింపించాడు. మూడు రోజులుగా వెతుకుతున్నాడు, ఇంకా దొరకలేదు. దొరికితే ఫ్రేము కట్టించి నేనే తీసుకెళ్లి ఇస్తాను. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేస్తాం, ఆ లాడ్జి మెట్లు నాన్నతో మళ్లీ ఎక్కించను.