బాత్‌రూం నేలకి 12 అంగుళాల మ్యాట్ టైల్: బోరు నీళ్లకి ఏది నిలుస్తుంది?

బెజవాడలోనైనా గుంటూరులోనైనా మామూలు ఇంటి బాత్‌రూంకి 12×12 అంగుళాల మ్యాట్ (మెరుపు లేని) ఫ్లోర్ టైలే సరైనది. కాకపోతే మ్యాట్ అని అమ్మేవన్నీ ఒకటి కావు. వాటిలో మంచిదేదో షాపులోనే తేల్చుకోవాలి, ఒకసారి పరిచాక చేయగలిగేదేమీ ఉండదు.

12 అంగుళాలే ఎందుకంటే, వాటం (నేల వాలు) కోసం. నీళ్లు నాలుగు వైపుల నుంచీ జాలీ దగ్గరికి దిగాలి. చిన్న పలక ఆ వంపుని అనుసరిస్తుంది. 2×2 అడుగుల పలక బిగుసుకుని నిలబడుతుంది. దాన్ని మూల నుంచి మూలకి కోసి పరవాలి, లేదంటే జాలీ పక్కనే నీళ్లు మడుగు కడతాయి. గోడ పొడవునా సాగే పొడవాటి జాలీ పెట్టి వాటం ఒకే వైపుకి ఇచ్చేట్టయితే మాత్రం పెద్ద టైల్ కూడా బాగానే కుదురుతుంది. వాటం అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతుకి తగ్గకూడదు, స్నానం చేసే చోట పావంగుళం ఉంటే ఇంకా మంచిది.

ఇక పట్టు సంగతి. కేటలాగులో ఆర్9, ఆర్10, ఆర్11 అని ఉంటుంది, సేల్స్‌మన్ కూడా ఆ అంకెనే చూపిస్తాడు. అయితే ఆ పరీక్ష బూట్లు వేసుకుని, ఇంజనాయిల్ పోసిన వాలు పలక మీద నడిచి చేసేది. మనం బాత్‌రూంలో నడిచేది ఒట్టి కాళ్లతో, సబ్బు నీళ్లలో. దానికి వేరే పరీక్ష ఉంది. అందులో ఏ అంటే 12 డిగ్రీల వాలు వరకూ, బి అంటే 18, సి అంటే 24 డిగ్రీల వరకూ కాలు జారలేదని అర్థం. ఇంటికి బి చాలు. ఆ వివరం కేటలాగులో లేకపోతే శాంపిల్ పలకని నేల మీద పెట్టించి, సబ్బు నీళ్లు పోసి, చెప్పు విప్పి కాలు రుద్ది చూడండి. పెద్దవాళ్లున్న ఇంటికి కొనేటప్పుడు దీనికి మొహమాటపడొద్దు.

పట్టు కావాలి కదా అని గుంటలు గుంటలుగా ఉండే గరుకు పంచ్ టైల్ తీసుకోవడమే మన ఊళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. కొత్తలో కాలు అస్సలు జారదు. కానీ బోరు నీళ్లలో ఉండే సున్నం ఆ గుంటల్లో చేరుతుంది, దాని మీద సబ్బు జిడ్డు పేరుకుంటుంది. కొన్నాళ్లకి ఆ జిడ్డు వల్లే కాలు జారుతుంది. బ్రష్‌తో పోదని యాసిడ్ పోస్తారు. యాసిడ్ టైల్ కన్నా ముందు సందుల్లోని సిమెంటుని తినేస్తుంది, జాలీ మెరుపునీ పోగొడుతుంది. వేలితో తడిమితే సన్నటి ఇసుక కాగితంలా తగలాలి, గుంటలు తగలకూడదు. అలాంటిదే కొనండి. రంగు లేత బూడిదో, ఇసుక రంగో అయితే ఉప్పు చారలు అంతగా కనబడవు. నలుపు మీద ప్రతి చుక్కా తెల్లగా తేలుతుంది.

పలక వెనక నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. చుక్క వెంటనే ఇంకిపోతే అది గోడ టైల్ రకం, నేలకి వద్దు. విట్రిఫైడ్ పలక (గాజులా గట్టిపడేలా కాల్చింది) నీళ్లు పీల్చేది అర శాతం లోపే, చుక్క చాలాసేపు అలాగే నిలుస్తుంది. రెండు పలకలు ముఖాముఖి పెట్టి నొక్కితే ఊగకూడదు. అన్ని పెట్టెల మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి.

రాయి పరుద్దామనుకునేవాళ్లకి ఒక మాట. కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాళ్లు. యాసిడ్ పడితే నురగ కక్కి పాలిష్ పోతుంది. పెరట్లో బట్టలుతికే చోటికి అవి చక్కగా సరిపోతాయి. చీమకుర్తి గ్రానైట్‌కి ఆ బాధ లేదు, కానీ పాలిష్ చేసింది తడిస్తే ప్రమాదం. బాత్‌రూం గుమ్మం దగ్గర అడ్డపట్టీ వరకే వాడండి.

8×5 అడుగుల బాత్‌రూంకి లెక్క ఇది. 300 మిల్లీమీటర్ల పలకలు 42 పడతాయి, కోతలకి పది శాతం కలిపితే 46. రేపు పైపు కోసం పగలగొట్టాల్సొస్తే అదే షేడు దొరకదు కాబట్టి ఇంకో నాలుగు దాచుకోండి, మొత్తం 50. విట్రిఫైడ్ పలక నీళ్లు పీల్చదు కనక ఒట్టి సిమెంటు పాలు దాన్ని పట్టుకోవు, కొన్నాళ్లకి డొల్ల శబ్దం మొదలవుతుంది. టైల్ గమ్ వాడాలి. టైల్ గమ్‌కి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 15477 ప్రకారం టైప్ 2 అని బస్తా మీద చూసుకోండి. 20 కిలోల బస్తా మూడు మిల్లీమీటర్ల మందాన 45 నుంచి 50 చదరపు అడుగులకి వస్తుంది. మే నెల ఎండల్లో గమ్ మీద త్వరగా పొర కడుతుంది, కాబట్టి మేస్త్రి ఒకేసారి నాలుగైదు పలకలకి మించి పూయకుండా చూడండి.

టైల్ నీళ్లని ఆపదు. ఆపేది కింద రెండు కోట్లు వేసే వాటర్‌ప్రూఫింగే. అది గోడ మీద కూడా అడుగు ఎత్తు పాకాలి. తర్వాత జాలీ మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింది ఇంటి స్లాబు చూడాలి. గుంటూరు నల్లరేగడి నేలల్లో కింది అంతస్తు బాత్‌రూంకి ఫిల్లింగ్ పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేయకపోతే ఎంత మంచి టైలైనా కుంగి పగులుతుంది.

గోడ టైల్ అడుగు వరసని వదిలేసి, నేల పరిచాక దాన్ని నేల టైల్ మీదకి దించండి. అప్పుడు గోడ మీద కారే నీళ్లు సందులోకి పోవు. పలకల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉంచి, మర్నాడు ఎపాక్సీ గ్రౌట్ (సందులు పూడ్చే రెసిన్ ముద్ద) నింపించండి. ఈ కొలతకి కిలో బొటాబొటి, రెండు కిలోలు తెప్పించుకోండి. ఎపాక్సీని కొంచెం కొంచెంగానే కలపాలి, ఆరకముందే తడి స్పాంజితో తుడిచేయాలి. మ్యాట్ టైల్ మీద ఆరిపోయిన ఎపాక్సీ మసక వదిలించడం చాలా కష్టం.