‘ఆయన’ లేని పలక: శ్రీకాకుళంలో ఒక క్రైస్తవ సామగ్రి దుకాణం

శ్రీకాకుళం పాత బస్టాండు వైపు ఒక సందులో బైబిళ్ళు, పాటల పుస్తకాలు, గోడకు తగిలించే వాక్యపు పలకలు, క్రిస్మస్ నక్షత్రాలు అమ్మే దుకాణానికి నేను పదేళ్ళుగా వెళ్తున్నాను. ఇక్కడ చెప్పబోయే లోపం ఆ ఒక్క దుకాణానిదే కాదు గనుక పేరు రాయడం లేదు. మొన్న నవంబరులో మా మేనల్లుడి గృహప్రతిష్ఠ కూడికకు ఏదైనా తీసుకువెళ్దామని అక్కడ ఒక పలక కొన్నాను. మరునాడే దాన్ని తిరిగి ఇచ్చేశాను.

దుకాణం చిన్నదే అయినా సరుకు దండిగా ఉంటుంది. ఎడమవైపు అరలన్నీ పుస్తకాలు. కుడివైపు గోడ నిండా దేవదూతలు. బొద్దుగా, బుగ్గలు ఎర్రగా, రెండేసి చిన్న రెక్కలతో, కొన్నిటికి లోపల రంగులు మారే బల్బుతో ఉన్న ఆ పసిపాపల బొమ్మలు నూట ఇరవై రూపాయల నుంచి మొదలవుతాయి. నేను కొన్న పలక అడుగున్నర పొడవుంది. చెక్క మీద బంగారు రంగు అక్షరాలు అతికించి, మూల ఒక దూతను కూర్చోబెట్టారు. ధర ఆరు వందల యాభై. అక్షరాల అంచులు శుభ్రంగా ఉన్నాయి, వెనుక తగిలించుకునే కొక్కెం గట్టిగా ఉంది, పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇంటికి వెళ్ళి తీరిగ్గా చదివాక తెలిసింది. పలక మీద ఉన్నది ఇది: ‘నిన్ను కాపాడుటకు తన దూతలను ఆజ్ఙాపించును’. కింద ‘కీర్తన 91:11’ అని వేశారు. ‘ఞ’ ఉండవలసిన చోట ‘ఙ’ పడింది. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నా కన్ను ముందు దానిమీదే పడింది, కాని అసలు తప్పు అది కాదు. మన బైబిలులో ఆ వచనం ‘నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు ఆయన నిన్ను గూర్చి తన దూతలను ఆజ్ఞాపించును’ అని ఉంటుంది. పలకలో చోటు చాలక కాబోలు ‘నీ మార్గములన్నిటిలో’ పోయింది, ‘నిన్ను గూర్చి’ పోయింది, అన్నిటికంటె ముఖ్యంగా ‘ఆయన’ పోయింది. ఆజ్ఞాపించేవాడు లేకుండా ఆజ్ఞ మిగిలింది, పంపేవాడు లేకుండా దూత మిగిలాడు. వ్యాకరణంలో కర్త లోపించిన వాక్యం అంటాము. ఇక్కడ లోపించిన కర్త సృష్టికర్త.

ఈ వచనాన్ని ఇలా కత్తిరించడం కొత్త కాదు. మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో అపవాది, అంటే సాతాను, యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దుముకుమని చెబుతూ ఎత్తి చూపినది ఈ కీర్తననే, అక్కడ కూడా ‘నీ మార్గములన్నిటిలో’ అన్న మాట కనిపించదు. దేవుడు చూపిన దారిలో నడిచేవారికి చెప్పిన కాపుదలను, ఎవరికి తోచినట్లు వారు దుమికినా పట్టుకునే వలగా మార్చాలంటే ఆ మాట అడ్డు వస్తుంది మరి. పలక చేసినవారికి అంత ఆలోచన ఉందని నేను అనను. అయితే అపవాది సైతం ‘ఆయన’ను మాత్రం తీసివేయలేదు.

ఇక బొమ్మల సంగతి. ‘దూత’ అనే తెలుగు మాట చాలా ఖచ్చితమైనది; హీబ్రూలో ‘మలాఖ్’, గ్రీకులో ‘ఆంగెలోస్’ అన్నా వార్త మోసుకువచ్చేవాడనే అర్థం. అబ్రాహాము గుడారానికి వచ్చినవారు మనుషుల్లాగే కనిపించారు, రొట్టెలు తిన్నారు. గబ్రియేలు దానియేలుకు మనిషి రూపంలోనే కనిపించాడు. రెక్కలున్నాయని చెప్పిన చోట వర్ణన ఈ బొమ్మలకు ఏమాత్రం పొంతన లేకుండా ఉంటుంది: యెహెజ్కేలు ప్రవక్త చూసిన జీవులకు మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు ముఖాలు నాలుగేసి ఉన్నాయి, యెషయా ప్రవక్త దేవుని సింహాసనం దగ్గర చూసిన సెరాపులనే దూతలకు ఆరేసి రెక్కలుండగా, వాటిలో రెంటితో ముఖమూ రెంటితో కాళ్ళూ కప్పుకొని, మిగిలిన రెంటితోనే ఎగురుతున్నారు. ఈ చివరి వర్ణన దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పాపమెరుగని దూతలే ముఖం కప్పుకోవలసి వచ్చిందంటే, ఆ సింహాసనం మీద ఉన్నవాని మహిమ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. బైబిలులో దూత ప్రత్యక్షమైనప్పుడు తరచుగా పలికే మొదటి మాట ‘భయపడకుము’. నూట ఇరవై రూపాయల పాపను చూసి ఎవరు భయపడతారు?

మరునాడు పలకను కౌంటరు మీద పెట్టి ఇదంతా చెప్పాను. యజమాని ఓపికగా విని, “మేమేటి చెయ్యగలం మేస్టారూ, సరుకు బయటనుంచి ఇలాగే వస్తాది” అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు గాని, తెచ్చి పెట్టేముందు ఒకసారి చదివి చూడవలసిన బాధ్యత అమ్మేవారిది కాదా? తెలుగులో మొదట అచ్చయిన సువార్తల అనువాదం జరిగింది మనకు దగ్గరలోని విశాఖపట్నంలోనే. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఆనందరాయరు సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెనిగించారు. అవి 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ జీవించి లేరు. అంత కష్టంతో మన చేతికందిన వాక్యాన్ని చెక్కముక్క కొలతకు తెగ్గోయడం నాకు మింగుడు పడలేదు.

నగదు తిరిగి ఇవ్వరు. బదులు వస్తువు తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు మెచ్చదగినదే, ఎందుకంటే దానివల్ల నేను ఎడమవైపు అరల దగ్గరికి వెళ్ళాను. ఈ దుకాణం ఘనత అంతా అక్కడుంది. పెద్దక్షరాల బైబిలు మూడు రకాల అట్టలతో దొరికింది. కొనేముందు కీర్తనల దగ్గర తెరిచి బల్ల మీద పెట్టి చూడండి. కుట్టు బైండింగయితే పుస్తకం చెయ్యి వేయకుండానే పరుచుకుని నిలబడుతుంది, జిగురుతో అతికించినదయితే దానంతట అదే మూసుకుపోతుంది. జిప్పు కవరు ఉన్నవాటిలో కాగితం మరీ పల్చన, వెనుక పుట అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. కౌంటరులో ఉన్న అమ్మాయికి సరుకు మీద మంచి పట్టు ఉంది. ఒక కథోలిక కుటుంబం వచ్చి రఫాయేలు దూత కథ ఉన్న బైబిలు కావాలని అడిగితే, అది తోబితు గ్రంథంలో ఉంటుందనీ, అరవై ఆరు పుస్తకాల ప్రతిలో దొరకదనీ, డెబ్బై మూడు పుస్తకాల ప్రతి తీసుకోవాలనీ తడుముకోకుండా చెప్పి, పై అర నుంచి తీసి ఇచ్చింది. పెద్ద ఊళ్ళలోని దుకాణాల్లో కూడా ఈ తేడా తెలిసిన మనిషి నాకు తారసపడలేదు.

పలక ధరకు మరో రెండు వందలు కలిపి, కుట్టు బైండింగున్న పెద్దక్షరాల బైబిలు తీసుకున్నాను. మొదటి ఖాళీ పుటలో ఆ వచనాన్ని ‘ఆయన’తో సహా నా చేత్తోనే పూర్తిగా రాసి మేనల్లుడికి ఇచ్చాను. డిసెంబరు మొదలయితే సాయంత్రాలు సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు జరుపుకునే వేడుకలు) సామగ్రి కోసం వచ్చేవారితో అక్కడ అడుగుపెట్టడానికి చోటుండదు. పుస్తకం నిదానంగా చూసి ఎంచుకోవాలనుకునేవారు ఉదయం పదకొండు లోపు వెళ్ళడం మంచిది.