గ్లెన్ టిల్ట్: మే నెలలో నింపాదిగా నడవడానికి ఒక స్కాట్లాండ్ లోయ

స్కాట్లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఎడిన్‌బరో కోట, గ్లెన్‌కో, స్కై దీవి అన్నీ మూడు రోజుల్లో చుట్టేస్తారు. అందులో సగం సమయం బస్సు కిటికీలోంచి చూడటానికే సరిపోతుంది. లోయలో తీరిగ్గా, జనం గోల లేకుండా నడవాలనుకునేవాళ్లకి బ్లేర్ అథోల్ ఊరిని ఆనుకుని ఉన్న గ్లెన్ టిల్ట్ చాలా మేలు. కారు లేకపోయినా ఇబ్బంది లేదు, కొండ ఎక్కే పనీ లేదు. టిల్ట్ నది వెంట మట్టి, కంకర బండిదారి ఉంది. ఎంత దూరం వెళ్లాలనిపిస్తే అంత దూరం వెళ్లి, అదే దారిన వెనక్కి రావచ్చు.

ఏప్రిల్ చివరి నుంచి మే చివరిదాకా వెళితే బాగుంటుంది. లార్చ్, బర్చ్ చెట్లు అప్పుడే లేత చిగురు వేస్తాయి. గట్ల మీద లేత పసుపు ప్రిమ్‌రోజ్‌లు పూస్తాయి. మే నడిమికి చెట్ల కింద బ్లూబెల్స్ అనే నీలి పూలు మొదలవుతాయి. వెనకనున్న బెన్ ఎ గ్లో శిఖరాల మీద మాత్రం ఇంకా మంచు చారలు కనిపించవచ్చు. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి ఉదయాన్నే పరుగులు పెట్టనక్కర్లేదు. జూన్ వచ్చిందంటే మిడ్జ్ అనే, దోమల్లా కుట్టే చిన్న ఈగలు ముసురుతాయి. వేసవి చివర్లో, శరత్తులో జింకల వేట జరుగుతుంది కాబట్టి కొండల మీది దారుల గురించి ముందే కనుక్కోవాలి. వసంతంలో ఈ రెండు బెడదలూ తక్కువ.

ఎడిన్‌బరో నుంచి గానీ గ్లాస్గో నుంచి గానీ ఇన్వర్‌నెస్ వెళ్లే రైలెక్కితే సుమారు రెండు గంటల్లో బ్లేర్ అథోల్ చేరతారు. అయితే అన్ని రైళ్లూ ఇక్కడ ఆగవు, ఆదివారం మరీ తక్కువ. ముందు తిరుగు రైలు చూసుకుని, దాన్ని బట్టి నడక లెక్క వేసుకోవాలి. విద్యార్థులు రైల్‌కార్డ్ తీసుకుంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. కారులో వచ్చేవాళ్లు ఏ9 రోడ్డు మీద సగటు వేగాన్ని కొలిచే కెమెరాలుంటాయని గుర్తుంచుకోవాలి. కెమెరా దగ్గర బ్రేకు వేసి, దాటాక మళ్లీ వేగం పెంచితే తప్పించుకోలేరు.

స్టేషన్ నుంచి నది పక్కగా పైకి నడిస్తే ఇరవై అయిదు నిమిషాల్లో ఓల్డ్ బ్రిడ్జ్ ఆఫ్ టిల్ట్ దగ్గరున్న కారు పార్కు వస్తుంది. అక్కడి బోర్డు తప్పకుండా చదవాలి. లోయలో తుపాకుల అభ్యాసం చేసే రేంజ్ ఒకటి ఉంది. కాల్పులు జరిగే రోజుల్లో ఎర్రజెండా ఎగరేసి, అటు వెళ్లే కొండవాలు దారి మూసేస్తారు. ఆ రోజు నది వెంట దిగువ దారి పట్టుకోవాలి. తేలికైన నడకకి ఎప్పుడైనా అదే మంచిది.

కారు పార్కు నుంచి గిల్బర్ట్స్ బ్రిడ్జ్‌కి సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, అదంతా అడవి నీడే. పిల్లలతో, పెద్దవాళ్లతో వస్తే ఇక్కడిదాకా వచ్చి తిరిగి వెళ్లడం సరిగ్గా సరిపోతుంది, మూడు గంటల పని. ఆ వంతెన దాటాక చెట్లు పలచబడి లోయ విప్పారుతుంది. అందుకే ఓపిక ఉన్నవాళ్లు ఏడో కిలోమీటరు దగ్గరున్న మార్బుల్ లాడ్జ్ అనే ఇంటి దాకా వెళ్లాలి (బస చేసే లాడ్జి కాదు). ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆకుపచ్చ పాలరాయి తవ్వేవారు. సున్నపురాయి నేల కాబట్టి ఇక్కడి గడ్డి చుట్టుపక్కల కొండల కన్నా పచ్చగా ఉంటుంది, గొర్రెలు కూడా ఎక్కువ. మేలో పిల్లలతో ఉన్న తల్లిగొర్రెలు బెదరకుండా దూరంగా నడవాలి. కుక్క వెంట ఉంటే తాడు వదలకూడదు.

ఇంకా పైన, సుమారు పదకొండో కిలోమీటరు దగ్గర ఫారెస్ట్ లాడ్జ్ ఉంది. 1785లో భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ ఈ పరిసరాల్లోనే, నదీగర్భంలో, నల్లటి పాత శిలల్లోకి ఎర్రటి గ్రానైటు పాయలు పాయలుగా చొచ్చుకుపోయి ఉండటం చూశాడు. గ్రానైటే ముందు పుట్టి ఉంటే దాని పాయలు పక్క రాతిని చీల్చుకుని వెళ్లలేవు. అంటే అది కరిగిన ద్రవంగా, తర్వాతి కాలంలో, కింది నుంచి వచ్చిందన్నమాట. అప్పటికి గ్రానైటు అన్నిటికన్నా పాత రాయనీ, సముద్రజలం నుంచి పేరుకున్నదనీ నమ్మేవాళ్లు ఎందరో. భూగర్భశాస్త్రం చదివేవాళ్లు ఇది చూడకుండా వెనుదిరిగితే బాధపడతారు. కాకపోతే రానూపోనూ ఇరవై రెండు కిలోమీటర్లు దాటుతుంది. దారి బండిదారే కాబట్టి సైకిలు మీద వెళ్లడం తెలివైన పని.

నేల అంతా గట్టి కంకర. బరువైన ట్రెక్కింగ్ బూట్లకన్నా అడుగు మందంగా ఉన్న షూ హాయిగా ఉంటుంది. పలచటి అడుగున్న స్పోర్ట్స్ షూతో పది కిలోమీటర్లు దాటేసరికి అరికాళ్లు మండుతాయి. పగలు పది, పన్నెండు డిగ్రీలు ఉన్నా గాలి లేస్తే చలి పట్టేస్తుంది, వాన ఆపే జాకెట్ సంచిలో ఉండాల్సిందే. లోయలో అంగడి లేదు, ఫోన్ సిగ్నల్ నమ్మడానికి లేదు. మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. గడ్డిలో కూర్చుని లేచాక పిడుదుల కోసం మోకాళ్ల వెనక, నడుము దగ్గర వెతకాలి. అవి లైమ్ వ్యాధి అంటించగలవు. గోళ్లతో నలపకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి.

నీళ్ల విషయం గట్టిగా చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో ఇక్కడికి దగ్గర్లోనే, లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం వద్ద, డండీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వసంతంలో ఈ నదుల నీరు ఒళ్లు కొయ్యబారేంత చల్లన. అందులో పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది. ఈత వచ్చినవాళ్లకీ చేతులు ఆడవు. తడిరాళ్ల మీద నాచు ఉంటుంది, పైకి కనపడదు. ఫొటో కోసం రాయి మీదికి దిగొద్దు, ఎవరైనా పడితే వెంట దూకొద్దు. తేలే వస్తువు ఏదైనా విసిరి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే ఒకరు పరుగెత్తాలి.

బస విషయానికొస్తే, ఊళ్లోనే ఉండాలంటే స్టేషన్ దగ్గరి అథోల్ ఆర్మ్స్ హోటల్ పాతకాలపు పెద్ద హోటల్. కోట పక్కనున్న కారవాన్ పార్కులో టెంటు వేసుకోవచ్చు, పాడ్‌లనే చిన్న చెక్క గదులు కూడా అద్దెకిస్తారు. నడకకి అది దగ్గరే. ఖర్చు తగ్గించుకోవాలంటే పిట్లోక్రీ నయం. పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో యూత్ హాస్టల్, సూపర్‌మార్కెట్ ఉన్నాయి, రైలూ ఆగుతుంది. శాకాహారులు మధ్యాహ్నానికి పులిహోరో, చపాతీలో అక్కడే కట్టుకోవడం మంచిది. నడక ముగిశాక మాత్రం బ్లేర్ అథోల్‌లోని పాత నీటిమిల్లు దగ్గర టీ తాగాలి. నీటిచక్రంతో విసిరిన పిండితో అక్కడే రొట్టె కాలుస్తారు. అది సీజన్‌లోనే తెరిచి ఉంటుంది, మధ్యాహ్నం గడిస్తే కట్టేస్తారు, కాబట్టి నాలుగు లోపు చేరేలా చూసుకోండి.

మే చివరి వారాంతంలో బ్లేర్ కోటలో అథోల్ హైలాండర్స్ అనే దళం కవాతు, ఆటల పోటీలు జరుగుతాయి. చూడదగ్గ వేడుకే, కానీ అప్పుడు గదులు దొరకడం కష్టం. ప్రశాంతత కోసం వచ్చేవాళ్లు దానికి ఒకటి రెండు వారాల ముందు, వారం మధ్యలో రావాలి.