ఐదేళ్లుగా నా ఐటీ రిటర్న్ నేనే వేసుకుంటున్నా

నల్గొండ జిల్లాలో సర్కారు బడి టీచర్‌ని నేను. 2020 దాకా మా మండలం సార్లందరిలాగే నేనూ ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను లెక్క చూపే కాగితం)తో పాటు 500 రూపాయలు టౌన్‌లో రిటర్న్‌లు వేసే ఒకతని చేతిలో పెట్టి వచ్చేవాణ్ణి. వారం తిరిగేసరికి వాట్సాప్‌లో రసీదు వచ్చేది, కొన్నాళ్లకు రిఫండ్ పడేది. అదెట్లా వస్తోందని ఒక్కసారీ అడగలేదు.

2021లో ఆదాయపు పన్ను శాఖ నుంచి ఇంటికి పోస్టులో ఉత్తరం వచ్చింది. నేను తీసుకోని ఇంటి లోనుకు వడ్డీ కట్టినట్టు అతను నా రిటర్న్‌లో రాశాడని అప్పుడు తెలిసింది. అంతకుముందు పంపిన మెయిళ్లేవీ నాకు చేరలేదు. నా పాన్ ఖాతాలో ఉన్న మెయిల్, ఫోన్ నెంబర్ రెండూ అతనివే మరి. వచ్చిన రిఫండ్‌ను వడ్డీతో తిరిగి కట్టాను. ఆ రెండు నెలలు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకుని, ముందు నా నెంబర్, నా మెయిల్ ఎక్కించుకున్నాను. ఆదాయపు పన్ను శాఖ కొత్త పోర్టల్ మొదలైంది ఆ ఏడాది జూన్ 7నే. తొలి నెలల్లో దాని ఇబ్బందులు దేశమంతా చూసిందే. రిటర్న్ వేసే గడువును డిసెంబర్ 31 దాకా పొడిగించారు. నేర్చుకోవడానికి నాకు ఆ టైమ్ కలిసొచ్చింది.

ఐదేళ్ల వాడకంలో నాకు బాగా అక్కరకొచ్చింది పోర్టల్‌లో ఉండే ఏఐఎస్, అంటే వార్షిక సమాచార పట్టిక. మన పాన్ మీద ఏడాదంతా ఏ బ్యాంకులో ఎంత వడ్డీ పడిందీ, ఎక్కడ టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోశారూ అన్నీ అందులో కనిపిస్తాయి. మొదటిసారి తెరిచినప్పుడు 11,400 రూపాయల ఎఫ్‌డీ వడ్డీ కనబడింది. మా పాప పుట్టినప్పుడు వేసిన ఎఫ్‌డీ అది, గడువు తీరినప్పుడల్లా దానంతటదే రెన్యువల్ అవుతూ వచ్చింది. ఫారం 16లో అది ఉండదు, ఎందుకంటే అందులో జీతం లెక్కే ఉంటుంది. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ టిక్ పెట్టుకుంటూ పోతే గంటన్నర పట్టింది. ఇప్పుడు ప్రతి ఏడూ రిటర్న్ ముట్టుకునే ముందు చేసే పని ఇదే.

పన్ను లెక్కకు కొత్త విధానమా పాతదా అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. శాఖ వాళ్ల కాలిక్యులేటర్‌లో రెండూ వేసి చూడటమే మేలు. 2024-25కి నా జీతం 9,80,000. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద పొదుపులకు 1,50,000, సీపీఎస్ పెన్షన్‌కి 50,000, ఇంటి అద్దె 60,000, వృత్తి పన్ను 2,400 తీసేస్తే సెస్సుతో కలిపి పన్ను 47,860. కొత్తదాంట్లో 75,000 ఒక్కటే తీసేసినా 42,120. జీతం వరకే ఈ లెక్క. నేను కొత్తదే ఎంచుకున్నా. అద్దె ఎక్కువ కట్టేవాళ్లకో, ఇంటి లోను ఉన్నవాళ్లకో లెక్క తిరగబడొచ్చు, పక్క సార్‌ని చూసి ఎంచుకోవద్దు.

2022లో నేనే ఒక పొరపాటు చేశాను. పాత ఏళ్ల డీఏ బకాయిలు ఒకేసారి పడితే సెక్షన్ 89 కింద ఉపశమనం ఉంది కదా అని రిటర్న్‌లో రాశాను. దానికంటే ముందు ఫారం 10ఈ విడిగా ఆన్‌లైన్‌లో వేయాలి. వేయలేదు. 4,300 ఒప్పుకోలేదు, ఆ మొత్తం కట్టమని ఇంటిమేషన్ వచ్చింది. అరియర్స్ తీసుకున్న టీచర్లు, పెన్షనర్లు ఈ ఒక్క ఫారం మరిచిపోవద్దని గట్టిగా చెప్తున్నా.

మా వైపు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ ఖాతాలు ఎక్కువగా ఉండేవి. 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది. రిఫండ్ రావాలంటే పోర్టల్‌లో ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేసుకోవాలి, అంటే కొత్త కోడ్‌తో సరిచూయించుకోవాలి. నాకు తట్టక ఆ ఏడు రిఫండ్ మూడు వారాలు ఆలస్యమైంది.

సబ్మిట్ నొక్కగానే పని అయిపోలేదు. 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి, అంటే ఆ రిటర్న్ మనదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని. నేనైతే అదే కూర్చున్న చోట చేసి, రసీదు డౌన్‌లోడ్ చేసుకున్నాకే లేస్తాను.

జీతం, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉన్నవాళ్లకు ఐటీఆర్ 1 అనే రిటర్న్ ఫారం చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు. మొన్న మా బడిలోనే ఒక మేడమ్ చౌటుప్పల్ దగ్గర ప్లాటు అమ్మి, "సార్, నాది కూడా మీరే వేయండి" అన్నారు. ప్లాటు అమ్మకం ఐటీఆర్ 1లో పట్టదు, ఆ లెక్క నాకు రాదు. సీఏ దగ్గరికే వెళ్లమన్నాను. "ఫోన్ నెంబర్, మెయిల్ మాత్రం మీవే ఇవ్వండి మేడమ్" అని రెండుసార్లు చెప్పి పంపాను.