రెండు స్టిక్స్ ముద్దు, ఆపై వద్దు

రైజన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్స్ రెండు, స్పీడు 6000 (సెకనుకు అన్ని మిలియన్ల ట్రాన్స్‌ఫర్లు). ఈ మెషీన్ వాడబట్టి రెండేళ్లయింది. మిగతావన్నీ అందరికీ తెలిసినవే, నా గోడు మొత్తం ర్యామ్ గురించే.

కొన్న కొత్తలో, బయోస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని డబ్బా మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 6000 స్టిక్ కూడా 4800 దగ్గరే నడుస్తుందని బెంగళూరు మారతహళ్లి రూమ్‌లో, ఆఫీసులో కనబడ్డ వాళ్లందరి చెవుల్లో ఊదాను.

పోయినేడాది ఇంట్లోనే పెద్ద లాంగ్వేజ్ మోడల్ (చాట్‌బాట్ల వెనకుండే ఏఐ) నడుపుదామంటే 64 జీబీ చాలలేదు. కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లాను. షాపతను మన తెలుగువాడే. "నాలుగు స్లాట్లున్నాయి కదన్నా, అవే ఇంకో రెండు పెట్టేయండి" అన్నాడు. ఆ అభిమానంతో బేరం కూడా గట్టిగా ఆడలేదు.

ఆదివారం రాత్రి బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. బోర్డు మీద ర్యామ్ లైటు వెలుగుతోంది. బోర్డు పోయిందనుకుని మూడుసార్లు పవర్ తీశాను. ర్యామ్ మారిస్తే మొదటిసారి మెమరీ ట్రైనింగ్‌కి, అంటే బోర్డు కొత్త ర్యామ్‌తో సర్దుకోడానికి, చాలా నిమిషాలు పడుతుందని, నేను తీసిన ప్రతిసారీ అది మళ్లీ మొదలవుతోందని అప్పటికి తెలీదు. నాలుగోసారి విసుగొచ్చి అలాగే వదిలేసి అన్నానికి కూర్చున్నాను. పెరుగన్నంలోకి వచ్చేసరికి స్క్రీన్ వెలిగింది.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే స్పీడు 3600! ఎక్స్‌పో పెడితే బూటే కాలేదు. 5200కి తగ్గించి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెడితే వరసగా ఎర్రర్లు. ఈ ప్రాసెసర్‌కి ఇలాంటి స్టిక్స్ రెండైతే 5200, నాలుగైతే 3600 వరకే హామీ అని, దాన్ని తయారుచేసే ఏఎండీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది, చదవనిది నేనే. స్లాట్లు నాలుగున్నా ప్రాసెసర్‌కి వెళ్లే దారులు, అంటే ఛానెళ్లు, రెండే. ఒక్కో ఛానెల్ మీద రెండేసి వేలాడితే సిగ్నల్ చెదురుతుంది.

లెక్క ప్రకారం ర్యామ్‌లోంచి 6000 మీద సెకనుకు 96 జీబీ డేటా వస్తుంది, 3600 మీద 57.6. సీపీయూ మీద నడిపే మోడల్ ఒక్కో టోకెన్‌కీ (అది రాసే ఒక్కో మాట ముక్కకీ) తన మొత్తం డేటాను ర్యామ్‌లోంచి మళ్లీ చదువుకోవాలి. నా పాత చిన్న మోడలే సెకనుకు ఎనిమిది టోకెన్ల నుంచి ఆరు లోపుకి పడిపోయింది. అదే బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు రెండర్ చేస్తే తేడా నాకు పెద్దగా కనబడలేదు. అందరి చెవుల్లో ఊదే ముందు ఇది కూడా చూసుకోవాల్సింది.

64 జీబీలో పట్టక డేటా ఎస్ఎస్‌డీ మీద పడేవాళ్లకి 3600 కూడా రాజభోగమే. నాకు చిన్న మోడల్‌తో పని గడిచిపోతోంది కాబట్టి మళ్లీ రెండు స్టిక్స్‌కే వచ్చేశాను. ఇప్పుడైతే 48 జీబీవి రెండు కొనేవాణ్ణి, కానీ చేతిలో ఉన్నవి అమ్మి కొనాలంటే మనసొప్పట్లేదు.

మిగిలిన రెండూ మా తమ్ముడి మెషీన్‌కెళ్లాయి. వాడు గేములు తప్ప ఇంకేమీ నడపడు. అక్కడ 6000 మీద హాయిగా ఉన్నాయి.