మైసూరు రోజ్‌వుడ్ పెట్టె: బొమ్మకు వంక పెట్టలేం, మూత బందులు మాత్రం మార్పించాల్సి వచ్చింది

ముందే చెప్పేస్తున్నా, ఈ పెట్టె చేయించుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ఆర్డర్ ఇచ్చేముందు కొన్ని విషయాలు గట్టిగా అడగకపోతే పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువు చేతికి రాదు, ఈ రివ్యూ అందుకే. రోజ్‌వుడ్ పలక మీద రంగురంగుల కర్రముక్కలు పొదిగి బొమ్మ కట్టే పనికి మైసూరు పెట్టింది పేరు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే అధికారిక గుర్తింపు) కూడా ఉంది. అక్కడ ఒక చిన్న కార్ఖానాలో చెప్పి చేయించాను. గోడకు తగిలించే పటాలే వాళ్ల అసలు వ్యాపారం, పెట్టెలు అడిగితేనే చేస్తారు.

మా నాన్న ఉద్యోగం చేసిన ఊళ్ల నుంచి అమ్మకు రాసిన కార్డులు, ఆయన పెన్ను, వాచీ, అన్నీ ఇన్నాళ్లూ ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి. వాటికోసం ఈ పెట్టె. పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు ఉంటుంది, అది మడత పడకుండా పడుకోవాలి, పక్కన వేలు పెట్టి తీసుకునేంత జాగా ఉండాలి. అందుకని లోపలి కొలతలు కాగితం మీద గీసి ఇచ్చాను. ఆన్‌లైన్‌లో పెట్టే కొలతలు చాలావరకు బయటివే, చెక్క మందం పోగా లోపల ఎంత మిగులుతుందో మనమే అడగాలి.

వాళ్ల దగ్గర రెడీగా ఉండేవి దసరా అంబారీ ఏనుగు, కొబ్బరిచెట్ల కింద పూరిల్లు, ఇలాంటివి. నాకు గోదావరి మీద తెరచాప పడవ కావాలన్నాను. ఫొటో చూసి వాళ్లే కాగితం మీద గీసి చూపించారు, ఒక్క గట్టు మాత్రం కిందికి జరపమన్నాను, విసుక్కోకుండా జరిపారు.

ఇక పని గురించి ఎంత చెప్పినా తక్కువే. గీసిన బొమ్మను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు తగిన రంగు కర్ర ఎంచుకుని, సన్న రంపంతో కోస్తారు. ఆ ముక్కలను రోజ్‌వుడ్ పలక మీద పేర్చి, చుట్టూ సూదితో గీత గీసి, గీత లోపలి భాగం ఉలితో తవ్వి, బంకపెట్టి కూర్చోబెడతారు. ఆరాక గరుకు కాగితంతో అంతా ఒక్క మట్టానికి వచ్చేదాకా రుద్ది, పాలిష్ వేస్తారు. రంగులు వెయ్యరు, కర్ర సొంత రంగే. నా పెట్టె మీద తెరచాప పనస కర్ర, పసుపుగా ఉంది. దాని గీతలు పైనుంచి కిందికి కాస్త ఏటవాలుగా వచ్చేలా ముక్క కోశారు, దాంతో గాలి నిండిన గుడ్డలాగే కనిపిస్తుంది. నీళ్లకు అసలు ఏమీ పొదగలేదు! పలకలోని నల్ల చారలు ఎటు పారుతున్నాయో చూసుకుని, పడవను సరిగ్గా వాటి మీద పెట్టారు, ఆ చారలే అలలు. ఇది డిజైన్‌లో లేదు, కర్ర చూశాక తోచిన ఆలోచన. గోటితో అతుకుల మీద గీస్తే ఎక్కడా తగలదు.

అదే కార్ఖానా పెట్టె దగ్గరికి వచ్చేసరికి తేలిపోయింది. బొమ్మ పొదిగినవాళ్లు వేరు, పెట్టె బిగించినవాళ్లు వేరు, ఆ తేడా మూత ఎత్తగానే తెలిసిపోతుంది. బందులు ఇత్తడి పూత పూసిన ఇనప రేకులు. ఒక స్క్రూ మొన పలుచటి పక్కచెక్కలోంచి లోపలికి పొడుచుకొచ్చింది, కార్డులు పెట్టే పెట్టెలో! అడుగు ప్లైవుడ్, దాని మీద ఆకుపచ్చ వెల్వెట్ అంటించారు, ఆ బంక వాసన చాలాకాలం పోలేదు. పాత కాగితాలు అందులో పెట్టబుద్ధి కాక, వాసన పోయేదాకా మూత తెరిచే ఉంచాను. ఫోన్ చేస్తే వెనక్కి పంపండి, సరిచేసి ఇస్తాం అన్నారు, మర్యాదగానే మాట్లాడారు. కానీ అంత దూరం మళ్లీ పంపాలంటే టెన్షన్, మా ఊళ్లో వడ్రంగితోనే అసలైన ఇత్తడి బందులు, చిన్న స్క్రూలు వేయించాను. దానికైన ఖర్చు పెట్టె ధర ముందు పెద్ద లెక్క కాదు, కానీ ఇంత చక్కటి బొమ్మ మీద ఆ బందులు చూస్తే ప్రాణం ఉసూరుమంది. చెప్పిన తేదీకి కూడా రాలేదు, ప్యాకింగ్ మాత్రం గట్టిగా చేశారు.

మీరు చేయించుకుంటే బందులు ఇత్తడివేనా, అడుగు చెక్కేనా అని ముందే అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. కోస్తాలో ఉండేవాళ్లయితే మూతకు వెంట్రుకవాసి సందు వదలమనండి, వానాకాలంలో కర్ర ఉబ్బి మూత పట్టేస్తుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, పనస పసుపు రానురాను గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇదే పేరుతో నకిలీవీ అమ్ముతున్నారు. పెట్టెను వెలుతురులో అటూఇటూ వంచి చూడండి: అసలుదైతే ఒక్కో ముక్క ఒక్కోలా మెరుస్తుంది, ఎందుకంటే ఒక్కో కర్ర గీత ఒక్కో దిక్కుకు ఉంటుంది. ప్రింట్ అంటించినదైతే మొత్తం ఒకేలా మెరుస్తుంది. ముక్కల అంచుల చుట్టూ సన్నగా మాడిన గీత కనిపిస్తే అది లేజర్‌తో కోసిందై ఉండొచ్చు, అడగండి. లేజర్ పని చెడ్డదని కాదు, చేతిపని ధర మాత్రం దానికి ఇవ్వకూడదు.

తెల్లగా ఉండే ముక్కలు ఇప్పుడు ప్లాస్టిక్‌వి, లేదంటే తెల్ల కర్రవి. ఒకప్పుడు ఏనుగు దంతం వాడేవారు, ఇప్పుడు దంతం అమ్మినా కొన్నా నేరం. ఈ సందర్భంలో ఒకటి చెప్పాలి. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నంలోనే రోజ్‌వుడ్‌లో దంతం పొదిగి, ఆ దంతం మీద పూలతీగలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపి పెట్టెలు, బల్లలు చేసేవారు. తర్వాత తర్వాత గంధపు చెక్క పెట్టెలకు దంతపు పలకలే తాపడం చేశారు. ఈస్టిండియా కంపెనీ దొరలు ఎగబడి కొన్నారు, వాటిలో కొన్ని ఈరోజు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. దంతం పోయినా మైసూరులో కర్రతో పని నిలబడింది, మన దగ్గర పనే పోయింది. పనస, మామిడి, ఇరుగుడు (రోజ్‌వుడ్డే) మనకూ ఉన్నాయి కదా, ఎవరైనా మళ్లీ మొదలుపెడితే మొదటి ఆర్డర్ నాదే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకొక్క మాట. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తం అంతర్జాతీయ నియంత్రణలో (CITES ఒప్పందం) ఉంది, దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. 2019లో సడలించి, తయారైన వస్తువుల్లో ఆ కర్ర బరువు ఒక్కో పార్సిల్‌కు 10 కిలోల లోపైతే ఆ అనుమతి పత్రం అక్కర్లేదన్నారు. చిన్న పెట్టెకు ఇబ్బంది ఉండకూడదు, అయినా మీ దేశంలో సొంత రూల్స్ ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి, బిల్లు మీద కర్ర పేరు, బరువు రాయించుకోండి.